గానుగ ఇంజను మారుస్తున్నారా? హెచ్‌పీ కన్నా ముందు చుట్లు చూడండి

పోయిన సంక్రాంతి ఇంకా తొమ్మిది రోజులుందనగా మా చెరకు గానుగ ఇంజను పోయింది. పెనంలో రసం సగం కాగి ఉంది. పక్కన రెండు ట్రాక్టర్ల చెరకు దించి ఉంది. టక్ టక్ మంటూ నిదానంగా నడిచే ఇంజనులో ఇనుము విరిగినట్టు గట్టిగా చప్పుడైంది, రెండు చుట్లు తిరిగి నిలిచిపోయింది. పిస్టన్‌ను క్రాంకుకు కలిపే కనెక్టింగ్ రాడ్డు బోల్టు తెగింది. ఊడిన రాడ్డు క్రాంక్ కేసు (ఇంజను కింది పెట్టె) గోడకు అరచెయ్యి దూరేంత బొక్క పెట్టింది. మేస్త్రీ వచ్చి సెల్‌ఫోన్ లైటు వేసి లోపలికి చూసి, "ఇంగ దీంట్లో పాణం లేదు సామీ" అని చేతులు తుడుచుకున్నాడు.

మాది చిత్తూరు జిల్లాలో పెనుమూరు పక్క పల్లె. ఆ ఇంజను మా నాయన కొన్నది. 6 హెచ్‌పీ, 650 ఆర్పీఎం (నిమిషానికి 650 చుట్లు), అటూ ఇటూ రెండు పెద్ద చక్రాలు. ఇంగ్లండు లిస్టర్ కంపెనీ నమూనాను చూసి రాజ్‌కోట్‌లో తయారుచేసిన రకం. మొదట్లో బావి దగ్గర ఉండేది. బావులు ఎండి, అందరూ లోతు బోర్లకు, సబ్‌మెర్సిబుల్ మోటార్లకు పోయాక దానికి అక్కడ పని లేకుండా పోయి గానుగ దగ్గరికి వచ్చింది. మా చుట్టుపక్కల గానుగల దగ్గరున్న పాత ఇంజన్లలో చాలావాటి కథ ఇదే. అన్నీ ఒకే ఈడువి కాబట్టి, ఇప్పుడు ఒక్కొక్కటే పోతున్నాయి. ఆ తర్వాత ఆరు నెలలు చిత్తూరు, తిరుపతి, వేలూరు షాపుల చుట్టూ తిరిగి, ఒక తప్పు కూడా చేసి నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

ముందు కరెంటు సంగతి తేల్చేస్తాను. మీ గానుగ దగ్గరికి త్రీఫేజ్ కనెక్షన్ తక్కువ ఖర్చులో వచ్చే వీలుంటే డీజిల్ ఇంజను ఊసే వద్దు. లెక్క చూడండి. గానుగ 6 హెచ్‌పీ లాగుతుందనుకుంటే అది దాదాపు 4.5 కిలోవాట్లు. మోటారులో పోయే నష్టం కలిపినా గంటకు 5 యూనిట్ల పైచిలుకు. యూనిట్‌కు 8 రూపాయలు వేసుకున్నా నలభై రూపాయలు. అదే పనికి డీజిల్ గంటకు 130 రూపాయలవుతుంది. మరి నేనెందుకు పోలేదంటే, మా గానుగ తోట మధ్యలో ఉంది, లైను రావాలంటే స్తంభాలు వెయ్యాలి. బోరు కనెక్షన్ ఉంది కదా, దానికే తగిలించుకుందామని కొందరు సలహా ఇచ్చారు. సాగునీటికి ఇచ్చిన ఉచిత కరెంటును అనుమతి లేకుండా గానుగకు వాడితే, పట్టుకుంటే కేసు. పైగా ఆ కరెంటు పగటిపూట 9 గంటలే. మేము గానుగ మొదలుపెట్టేది తెల్లవారుజామున మూడున్నరకు. కనెక్షన్ ఏ కేటగిరీలో వస్తుందో, డిపాజిట్ ఎంతో ముందు కరెంటు సెక్షన్ ఆఫీసులో రాతపూర్వకంగా అడగండి. ఆ కాగితం వచ్చాకే ఇంజను షాపుకు వెళ్లండి.

ఇక డీజిలే అనుకున్నవాళ్లకు.

షాపుకు పోతే మొదటి ప్రశ్న "ఎన్ని హెచ్‌పీ కావాలి?" అని. అది రెండో ప్రశ్న కావాలి. మొదట అడగాల్సింది "మీ పాత ఇంజను ఎన్ని చుట్లు తిరిగేది, పుల్లీ ఎంత?" అని. నన్ను ఒక్కరూ అడగలేదు.

మా పాత ఇంజను పుల్లీ 12 అంగుళాలు, గానుగ పుల్లీ 36 అంగుళాలు. ఇంజను 650 చుట్లు తిరిగితే గానుగ పుల్లీ నిమిషానికి 217 చుట్లు తిరుగుతుంది. అక్కడి నుంచి గేర్లు తగ్గించుకుంటూ పోయి రోలర్లను నిదానంగా తిప్పుతాయి. కొత్త ఇంజను 1500 చుట్లదైతే, గానుగకు ఆ 217 చుట్లే రావాలంటే ఇంజను మీద 5.2 అంగుళాల పుల్లీ ఉండాలి. 3000 చుట్లదైతే 2.6 అంగుళాలు! అంత చిన్న పుల్లీని బెల్టు పట్టుకోదు, జారుతుంది, కాలుతుంది. లెక్క మీరే వేసుకోవచ్చు: పాత ఇంజను పుల్లీని పాత చుట్లతో హెచ్చించి, కొత్త చుట్లతో భాగించండి, అంతే. ఒక కాగితం మీద ఇది రాసుకుని షాపుకు పోతే, అవతలి మనిషి మీతో మాట్లాడే తీరే మారిపోతుంది.

"కొంచెం పెద్ద పుల్లీ వేస్తే గానుగ స్పీడుగా ఆడుతుంది, పని తొందరగా అవుతుంది కదా" అంటారు. 5.2కు బదులు 6 అంగుళాలు వేస్తే గానుగ చుట్లు 217 నుంచి 250కి పోతాయి. రోలర్లు వేగంగా తిరిగితే పిప్పిలో రసం మిగిలిపోతుంది. పిప్పిని చేత్తో పిండి చూస్తే తెలుస్తుంది, వేళ్ల మధ్య తడి. రసం పోవడమే కాదు, తడి పిప్పి పొయ్యి కింద సరిగా మండదు కూడా. అటు ఇంజను మీద బరువూ పెరుగుతుంది. ఎటూ నష్టమే. నేను 5 అంగుళాలు వేశాను, 208 చుట్లు వస్తున్నాయి. కాస్త తక్కువే అయినా సరే అనుకున్నాను.

చుట్ల వెనక ఇంకో సంగతి ఉంది, ఇదే అసలుది. గానుగ బరువు నీళ్ల పంపు బరువులా సమంగా ఉండదు. చెరకు పెట్టే మనిషి ఒకసారి మూడు గడలు పెడతాడు, ఒకసారి ఆరు పెడతాడు, కణుపు అడ్డంగా పడితే రోలరు ఒక్క క్షణం బిగుసుకుంటుంది. ఆ క్షణంలో ఆదుకునేది చక్రాల బరువే. పాత ఇంజను చక్రాలు ఆ దెబ్బను మింగేసేవి, మనకు చప్పుడులో చిన్న తేడా మాత్రం వినపడేది. తేలిక ఇంజను అదే దెబ్బకు ఆగిపోతుంది. హెచ్‌పీ కాగితం మీద ఒకటే, గానుగ దగ్గర ఒకటి కాదు.

ఇది నేను చదివి తెలుసుకున్నది కాదు. సంక్రాంతి ముందర కంగారులో ఒక షాపులో 3600 చుట్ల ఎయిర్‌కూల్డ్ (గాలితో చల్లబడే) ఇంజను కొనుక్కొచ్చాను. అల్యూమినియం బాడీ, తాడు లాగితే స్టార్టు, యాభై కిలోల లోపు బరువు, మా అబ్బాయి ఒక్కడే ఆటోలోంచి దించేశాడు. లేబుల్ మీద 10 హెచ్‌పీ. "మీ పాత దానికంటే నాలుగు ఎక్కువ" అన్నాడు షాపతను. లేబుల్ మీద రాసేది కాసేపు మాత్రం ఇవ్వగలిగిన గరిష్ఠ శక్తి అని, రోజంతా నడపగలిగేది అంతకన్నా తక్కువ అని తర్వాత తెలిసింది. మధ్యలో ఇంకో షాఫ్టు వేయించి రెండు దశల్లో చుట్లు తగ్గించాం. మొదటి రోజే చెరకు కాస్త ఎక్కువ పడితే చాలు, ఠక్కున ఆగేది. నాలుగో రోజు వేడెక్కి ఆగింది. చూస్తే సిలిండరు రెక్కల నిండా పిప్పి పీచు. ఎయిర్‌కూల్డ్ ఇంజను ఫ్యాను గాలితో పాటు చుట్టూ ఎగిరే పీచునంతా లాగేసి రెక్కల మధ్య దట్టించుకుంటుంది. గంటగంటకూ ఆపి పుల్లతో గీకాలి. దాన్ని తప్పుబట్టను, పైరుకు మందు కొట్టడానికి, చిన్న పంపుకు బంగారంలాంటి ఇంజను. గానుగ దాని పని కాదు. వారానికే తీసేశాను, ఇప్పుడది గుంతలో నీళ్లు తోడటానికి పనికొస్తోంది.

ఇంకా మిగిలిన చెరకును పక్కింటి వాళ్ల ట్రాక్టరుతో ఆడించాం. పీటీవోకు (ట్రాక్టరు వెనక తిరిగే షాఫ్టు) పుల్లీ తగిలిస్తే బ్రహ్మాండంగా నడుస్తుంది, ఎంత చెరకు పెట్టినా లెక్కచెయ్యదు. కానీ నలభై హెచ్‌పీ ట్రాక్టరు ఆరు హెచ్‌పీ పనికి గంటకు రెండు లీటర్ల పైనే తాగింది. పైగా ట్రాక్టరు గానుగకు కట్టేస్తే దున్నేదెవరు, చెరకు తోలేదెవరు? పది రోజుల అవసరానికి సరే. సీజన్‌లో పది పదిహేను రోజులే ఆడించుకునే చిన్న రైతుకు అదే మేలు, వాళ్లు ఇంజను కొనొద్దనే చెప్తాను.

అంటే సీజనంతా ఆడించేవాళ్ల ముందు నిజంగా ఉన్నవి రెండే: పాతదాన్ని పూర్తిగా విప్పి బాగుచేయించడం, లేదా 1500 చుట్ల వాటర్‌కూల్డ్ (నీళ్లతో చల్లబడే) కొత్తది కొనడం.

పాతదాన్ని బాగుచేయించడాన్ని చాలామంది చులకనగా చూస్తారు. నేను అలా చూడను. మా బావ దగ్గర సరిగ్గా ఇలాంటి ఇంజనే ఉంది. పోయిన ఏడాది పొగ ఎక్కువైందని విప్పించాడు. లైనరు (పిస్టన్ ఆడే గొట్టం), పిస్టన్, రింగులు కొత్తవి వేసి, అరిగిన క్రాంకును నున్నగా సానబట్టించి, అంటే గ్రైండింగ్ చేయించి, కొత్త బేరింగులు, డీజిల్ చిమ్మే కొత్త నాజిల్ వేయించాడు. ఇప్పుడు మళ్లీ అదే టక్ టక్. పునాది మార్చలేదు, పుల్లీ మార్చలేదు, బెల్టు మార్చలేదు. పాతదాన్ని బాగుచేయించడంలో అసలు లాభం అదే, మిగిలిన గానుగ అంతా ఉన్నది ఉన్నట్టే పనిచేస్తుంది. కొత్త ఇంజను ధర చెప్పేటప్పుడు పునాది, ఛానల్ ఫ్రేము, పుల్లీలు, బెల్టుల ఖర్చు ఎవరూ కలపరు. నాకు ఆ పై ఖర్చులే ఇంజను ధరలో నాలుగో వంతు దాకా వచ్చాయి.

ఏది బాగుచేయించదగ్గదో, ఏది కాదో విప్పకముందే కొంత తెలుస్తుంది. ఇంజను బాగా వేడెక్కాక బ్రీదరు గొట్టం (క్రాంక్ కేసు గాలి బయటికి పోయే గొట్టం) దగ్గర చెయ్యి పెట్టండి. గుప్పుగుప్పున పొగ కొడుతుంటే రింగులు, లైనరు అయిపోయినట్టు. అది బాగయ్యే జబ్బే. నీలం పొగ వస్తే ఇంజన్ ఆయిల్ కాలుతోంది, అదీ అంతే. బరువు పడినప్పుడు నల్ల పొగ వస్తే నాజిల్, పంపు ముందు చూపించండి, వాటితోనే సరిపోవచ్చు. హ్యాండిల్ తిప్పేటప్పుడు కంప్రెషన్ దగ్గర చెయ్యి ఆగకుండా మెత్తగా తిరిగిపోతుంటే వాల్వులూ చూడాలి. ఇవన్నీ డబ్బుతో పోయేవి. కానీ క్రాంక్ కేసు పగిలినా, సిలిండరు చుట్టూ నీళ్లు తిరిగే వాటర్ జాకెట్ చీలినా, క్రాంకు ఇంతకుముందే రెండు మూడు సార్లు గ్రైండింగ్ అయి ఇక బేరింగు సైజు దొరకకపోయినా వదిలేయండి. వెల్డింగ్ పెట్టిస్తామనే వాళ్లు ఉంటారు. పోత ఇనుముకు పెట్టిన ఆ వెల్డింగ్ బెల్లం సీజన్ మధ్యలోనే విడిపోతుంది, అదేం మాయో.

నా లెక్క ఒకటే: రిపేరు అంచనా కొత్త ఇంజను, బిగింపు ఖర్చులు కలిపిన మొత్తంలో సగం దాటితే కొత్తది. సగం లోపైతే పాతదే. నాది క్రాంక్ కేసే పోయింది కాబట్టి నాకు ఆ దారి లేదు.

1500 చుట్ల వాటర్‌కూల్డ్‌లో కంపెనీలు చాలానే ఉన్నాయి. కిర్లోస్కర్ ఏవీ1 అంటే 5 హెచ్‌పీ, సిలిండరు బోరు (లోపలి వెడల్పు) 80 మిల్లీమీటర్లు, స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 110. టీవీ1 అంటే 7 హెచ్‌పీ, అదే స్ట్రోకు, బోరు 87.5. ఇవి ఎంత పాతుకుపోయిన నమూనాలంటే, మా అబ్బాయి తిరుపతిలో ఇంజినీరింగ్ చదివేటప్పుడు ల్యాబులో ప్రయోగాలకు పెట్టింది కూడా టీవీ1 ఇంజనే. ఇలాంటివాటి పిస్టన్, లైనరు సెట్టు దాదాపు ఎక్కడైనా దొరుకుతుంది. రాజ్‌కోట్ తయారీవి ధర తక్కువ, బరువు దండిగా ఉంటుంది, వాటిలో మంచివీ ఉన్నాయి. కానీ కొనేముందు ఒక పని చెయ్యండి. ఇంజను అమ్మే షాపులో కాదు, స్పేర్లు అమ్మే షాపులో అడగండి: ఈ మోడల్‌కు రింగుల సెట్టు, నాజిల్, బిగ్ ఎండ్ బేరింగు (కనెక్టింగ్ రాడ్డు క్రాంకును పట్టుకునే చోట ఉండేది) ఇప్పుడు చేతిలో ఉన్నాయా అని. చిత్తూరులో లేకపోతే వేలూరు ముప్పై అయిదు కిలోమీటర్లే, పొద్దున పోయి మధ్యాహ్నానికి తెచ్చుకోవచ్చు. "ఆర్డరు పెడితే వారంలో వస్తుంది" అన్నారంటే ఆ ఇంజను వద్దు. వారం అంటే తోటలో కొట్టి పడేసిన చెరకు పులిసిపోతుంది. ఐఎస్ఐ గుర్తు ఉందో లేదో కూడా చూడండి. పన్నెండు గంటల్లో ఒక గంట పది శాతం అదనపు బరువు మోయగలగాలి అన్నది ఇలాంటి ఇంజన్ల రేటింగులో ఉండే లెక్క. గానుగకు ఆ ఒక్క గంట చాలా ముఖ్యం.

పాత నిదానం ఇంజను 6 హెచ్‌పీ అయితే 1500 చుట్లది 8 తీసుకోండి. చక్రం చిన్నది కాబట్టి ఆ తేడాను ఇంజనే భరించాలి. 10 మాత్రం వద్దు. ఎప్పుడూ మరీ తక్కువ బరువు మీద నడిచే డీజిల్ ఇంజను సరిగా వేడెక్కదు, నాజిల్ చుట్టూ మసి పట్టేస్తుంది.

డీజిల్ లెక్క కూడా చెప్తాను, ఎందుకంటే నేను కొత్తదానికి మొగ్గడానికి సగం కారణం అదే. మంచి కండిషన్‌లో ఉన్న ఇంజను ఒక కిలోవాట్ పనికి గంటకు 250 గ్రాముల దగ్గర డీజిల్ తాగుతుంది. 4.5 కిలోవాట్లకు గంటకు 1.3 లీటర్ల పైచిలుకు. మా పాతది పోయే ముందు ఏడాది నేను కొలిచాను: ట్యాంకు మూతి దాకా నింపి, గంట ఆడించి, మళ్లీ మూతి దాకా లీటరు డబ్బాతో పోశాను. 1.9 లీటర్లు. రోజుకు పది గంటలు, ఎనభై రోజులు అనుకుంటే సీజన్‌కు నాలుగు వందల నలభై లీటర్ల తేడా. లీటరు 97 రూపాయల లెక్కన నలభై రెండు వేల పైనే. అరిగిపోయిన ఇంజనును "ఇంకా నడుస్తోంది కదా" అని నడిపించడమే అన్నిటికన్నా ఖరీదైన దారి. బాగుచేయించిన పాత ఇంజను మాత్రం ఇందులో కొత్తదానికి తీసిపోదు. మా బావది కొలిస్తే 1.4 వచ్చింది.

సెకండ్‌హ్యాండ్ గురించి పెద్దగా చెప్పను. కాంక్రీటు మిక్సర్ల నుంచి, పాత జనరేటర్ల నుంచి తీసినవి వస్తాయి. చల్లగా ఉన్నప్పుడు మీ చేత్తో స్టార్టు చేయనిస్తేనే చూడండి. మీరు పోయేసరికే వేడిగా ఉంటే తిరిగి వచ్చేయండి.

బిగించేటప్పుడు మూడు విషయాల్లో జాగ్రత్త. ఒకటి, ఏ వైపు తిరుగుతుందో చూడండి. కొత్త ఇంజను పాతదానికి ఎదురు తిరిగితే గానుగ చెరకును బయటికి కక్కుతుంది. పాత పట్టీ బెల్టయితే మెలేసి అడ్డంగా వేసుకోవచ్చు, వీ బెల్టును అలా వెయ్యలేం, ఇంజనునే తిప్పి బిగించాలి. వీ బెల్టులు వేసేవాళ్లు బి సెక్షన్ (బెల్టు సైజు) అయితే 5 అంగుళాల కంటే చిన్న పుల్లీకి పోవద్దు, 8 హెచ్‌పీకి మూడు నాలుగు గాడులు ఉండాలి. రెండు, కొత్త కాంక్రీటు దిమ్మె వేస్తే మూడు వారాలు తడపండి, ఆ తర్వాతే ఇంజను ఎక్కించండి. మూడు, సైలెన్సరు మూతి పిప్పి కుప్ప వైపు ఉండకూడదు. ఎండిన పిప్పికి ఒక్క నిప్పురవ్వ చాలు.

నీళ్ల సంగతి ఎవరూ పట్టించుకోరు, ఇంజన్లను చంపేది అదే. మా బోరు నీళ్లు ఎంత గట్టివో టీ కాచే గిన్నె అడుగు చూస్తే తెలుస్తుంది. చాలామంది బోరు గొట్టం నుంచి ఒక పైపు లాగి ఇంజనులోంచి పంపి కాలువలోకి వదిలేస్తారు. ప్రతి లీటరు కొత్త నీటితో పాటు కొత్త సున్నం లోపలికి పోయి జాకెట్‌లో పేరుకుంటుంది. పైగా ఇంజను ఎప్పుడూ చల్లగానే ఉండిపోయి లైనరు తొందరగా అరుగుతుంది. దానికి బదులు రెండు వందల లీటర్ల డ్రమ్ము ఇంజను కన్నా కాస్త ఎత్తులో పెట్టి, కింద పైపు, పైన పైపు కలపండి. వేడి నీళ్లు వాటంతట అవే పైకి పోయి చల్లబడి కిందికి వస్తాయి. అవే నీళ్లు తిరుగుతుంటాయి కాబట్టి సున్నం ఒక్కసారి పట్టేదే. తగ్గినంత మాత్రం పోస్తుండండి, వీలైతే వాన నీళ్లు. పై పైపు మీద చెయ్యి పెడితే రెండు మూడు క్షణాల కంటే ఉంచలేనంత వేడి ఉండాలి. చల్లగా ఉందని సంతోషపడొద్దు.

కొనడం ఆగస్టు, సెప్టెంబరుల్లో పెట్టుకోండి. డిసెంబరులో అడిగితే ఉన్నదే ఇస్తారు, అడిగినంతే తీసుకుంటారు, బిగించే మేస్త్రీ ఫోన్ ఎత్తడు. నేను ఆగస్టులో 8 హెచ్‌పీ, 1500 చుట్లది తీసుకున్నాను. గానుగ మొదలయ్యేలోపు రోజుకు కాసేపు సగం బరువుతో నడిపి, యాభై గంటలు కాగానే ఆయిల్ మొత్తం దించి మార్చాను. దించిన ఆయిల్‌ను తెల్లటి పళ్లెంలో పోస్తే సన్నటి ఇనుప మెరుపు కనిపించింది. మొదటిసారి అది మామూలే, రెండోసారి కూడా కనిపిస్తే వారంటీ కాగితం బయటికి తియ్యాలి. నాకు రెండోసారి కనిపించలేదు.

పాత ఇంజనును కిలోల లెక్కన అడిగాడు పాత ఇనుము సామాను కొనేవాడు. మా బావ ఒప్పుకోలేదు. హెడ్డు, డీజిల్ పంపు, ఒక చక్రం, క్రాంకు ఊడదీసి గోనెసంచుల్లో చుట్టి తన గానుగ కొట్టంలో పెట్టుకున్నాడు. క్రాంకు మాత్రం వేలూరు పంపించి కొలిపించాడు. ఇంకొక్క గ్రైండింగ్ పడుతుందట.